ఇంట్లో మాట చెడినప్పుడు 14416: ఈ ఫోన్ ఎక్కడిదాకా ఆదుకుంటుంది

మొగుడూపెళ్లాల మధ్య మాట చెడితే సీమలో ముందు గుర్తొచ్చేది పెద్దమనుషుల పంచాయితీ. అక్కడ తేలకపోతే పోలీస్ స్టేషన్, ఆపైన కోర్టు. వీటన్నిటికంటే ముందు, ఊళ్లో ఎవరికీ తెలియకుండా, పైసా ఖర్చు లేకుండా తట్టదగిన తలుపు ఒకటుంది: టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, నంబరు 14416. 1800-89-14416 నంబరుకు చేసినా అక్కడికే పోతుంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు దీన్ని ప్రారంభించింది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ పైన ఉండి చూసుకుంటుంది, రాష్ట్రాల్లోని కేంద్రాల నుంచి కౌన్సెలర్లు మాట్లాడతారు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అనంతపురం వాళ్లకు నిమ్హాన్స్ కొత్త పేరేమీ కాదు. బస్సో రైలో ఎక్కి రెండొందల కిలోమీటర్లు పోయి, ఒక రోజు కూలి పోగొట్టుకుని అక్కడి ఓపీలో వరసలో నిలబడిన కుటుంబాలు ఈ జిల్లాలో ఎన్నో.

చాలామంది ఇది ప్రాణం తీసుకోవాలనుకునేవాళ్ల కోసమే పెట్టిన నంబరు అనుకుంటారు, లేదంటే "మతి తప్పినోళ్లకు" అనుకుంటారు. రెండూ తప్పే. నిద్ర పట్టకపోవడం, పరీక్షల బెదురు, పెళ్లయిన ఏడాదికే మాటలు బందయిపోవడం, అత్తాకోడళ్ల పోరు, కొడుకు మూడు నెలలుగా తండ్రి ముఖం చూడకపోవడం, ఇవన్నీ ఇక్కడ చెప్పుకోదగినవే. ఈ సమీక్ష ఆ ఒక్క కోణానిదే: ఇంటి మనుషుల మధ్య బంధం దెబ్బతిన్నప్పుడు కర్నూలు, అనంతపురం, కడప వైపు కుటుంబాలకు ఈ సేవ ఎంతవరకు పనికొస్తుంది?

తీర్పు ముందే చెప్తాను. మొదటి కాల్‌గా ఐదుకు నాలుగున్నర. దంపతులిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చేసే చికిత్సకు బదులు అనుకుంటే ఐదుకు ఒకటిన్నర. ఈ తేడా తెలియక ఫోన్ చేసినవాళ్లు "ఏముంది, ఊరకే విన్నారు అంతే" అని పెట్టేస్తారు. తెలిసి చేసినవాళ్లకు అదే అరగంటలో చేతికి పని దొరుకుతుంది.

ఎక్కణ్ణుంచి చేయాలి

సేవ నాణ్యత సగం ఫోన్ చేసే చోటు మీదే ఆధారపడి ఉంటుంది. రెండు గదుల ఇంట్లో, టీవీ పక్కన, అత్తగారు బియ్యం ఏరుతుండగా చేసిన కాల్‌లో అసలు సంగతి బయటికి రాదు. మిద్దె మీద, చేని గట్టున, పిల్లల్ని బడి దగ్గర దింపి తిరిగొచ్చే దారిలో చెట్టు కింద, కనీసం అరగంట ఎవరూ రాని చోటు చూసుకోవాలి. బస్టాండు పనికిరాదు. ఆ రొదలో ఒకే మాట మూడుసార్లు చెప్పాల్సొస్తే ఏడుపు ఆగిపోయి చిరాకు మొదలవుతుంది. స్పీకర్ పెట్టొద్దు, ఇయర్‌ఫోన్ ఉంటే మంచిది. కీప్యాడ్ ఫోనైనా చాలు, యాప్ అక్కర్లేదు. కాల్ కలవగానే రికార్డు గొంతు భాష ఎంచుకోమంటుంది, అది నొక్కాక మనిషి లైన్లోకి వస్తారు.

ఫోన్ ఇంట్లో అందరి చేతుల్లో తిరిగేదైతే కాల్ లిస్టులో 14416 కనిపిస్తుంది. అది గొడవకు దారితీసే ఇల్లయితే ఆ వరసను తుడిచేయాలి, లేదా నమ్మకమైన అక్క ఫోన్ నుంచో, ఆశా కార్యకర్త ఫోన్ నుంచో చేయాలి. మాట మొదలుపెట్టగానే కౌన్సెలర్‌తో ఒక గుర్తు మాట అనుకోవడం మరవొద్దు. "నేను 'సరే అక్కా, రేపు చీటీ డబ్బులు పంపిస్తా' అంటే ఎవరో వచ్చినట్టు. మీరు నాకు తిరిగి ఫోన్ చేయొద్దు, నేనే చేస్తా." ఈ రెండు వాక్యాలు చెప్పడానికి పది సెకన్లు పడుతుంది. చెప్పకపోతే జరిగేది ఏమిటంటే, మధ్యలో ఫోన్ పెట్టేసిన మనిషి క్షేమం కోసం కౌన్సెలర్ తిరిగి చేస్తారు, ఆ ఫోన్ మొగుడో అత్తో ఎత్తుతారు.

మొదటి ఐదు నిమిషాలు

"మా ఇంట్లో మనశ్శాంతి లేదు మేడం, ఏం చేసేకీ తోచట్లేదు" అని మొదలుపెడితే అందులో తప్పేమీ లేదు. అయితే దాన్నుంచి సంగతి తవ్వి తీయడానికే కౌన్సెలర్‌కు పావుగంట పడుతుంది. ముందే నాలుగు విషయాలు మనసులో పెట్టుకుంటే మేలు: ఎవరితో గొడవ, ఎప్పట్నుంచి, చివరిసారి ఏం జరిగింది, ఈ రోజు ఈ ఫోన్ నుంచి మీకేం కావాలి. చివరిది అన్నిటికంటే ముఖ్యం, దాన్నే అందరూ మరిచిపోతారు. "ఈ రాత్రి నాకు నిద్ర పట్టాలి", "రేపు మా నాయనతో మాట్లాడాల, ఎట్ల మొదలుపెట్టాలో చెప్పండి", "డాక్టర్ దగ్గరికి పోవాల్నా వద్దా తేల్చండి" అని అడిగిన కాల్ ఒక ఒడ్డుకు చేరుతుంది.

మగవాళ్ల కాల్ దారి వేరు. గ్యాస్, తలనొప్పి, ఒళ్లు సలుపు, నిద్రలేమి అని మొదలుపెడతారు. పెళ్లాం పుట్టింటికి పోయి రెండు నెలలైన సంగతి ఇరవయ్యో నిమిషంలో, అదీ అడిగితేనే, బయటికొస్తుంది. ఆ మాట మొదట్లోనే చెప్పేస్తే మిగిలిన సమయమంతా అసలు పనికి దొరుకుతుంది. మగవాడు ఏడిస్తే లైన్లో ఎవరూ చిన్నచూపు చూడరు.

కాసేపటికి కౌన్సెలర్ కొన్ని సూటి ప్రశ్నలు వేస్తారు: చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా, ఎట్లా అని ఆలోచించారా, ఇంట్లో కొట్టడం ఉందా, తాగుడు ఉందా. "నేను గొడవ గురించి చెప్తుంటే ఈమె చావు గురించి అడుగుతోందేమిటి" అని కోపం తెచ్చుకోవద్దు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. పైగా, ఉన్న ఆలోచనను మొదటిసారి నోటితో అనగానే చాలామందికి గుండె బరువు కొంత దిగుతుంది. ఈ ప్రశ్నలు అడగని కౌన్సెలింగ్‌నే నేను అనుమానిస్తాను.

పత్తి, బుడ్డలు, మిర్చి పండే ఇళ్లలో ఈ ప్రశ్నకు ఇంకో బరువుంది. పురుగుమందు డబ్బా అటక మీదో, వసారా మూలనో చేతికందేలా ఉంటుంది. గొడవ రేగిన ఆవేశంలో చేయి దాని మీదికి పోవడానికి నిమిషాలు చాలు. ఆ ఆవేశం మాత్రం ఎక్కువసేపు నిలవదు. ఆ కాసేపు మందు అందకుండా ఉంటే ప్రాణం నిలుస్తుంది. అందుకని ఒక్క పిచికారీకి సరిపడా మాత్రమే కొనాలి, మిగిలింది ఇంట్లో పెట్టకూడదు. చేనికాడి కొట్టంలో తాళం వేసి, తాళంచెవి గొడవలో లేని మనిషి దగ్గర ఉంచాలి. ఒకవేళ తాగితే ఉప్పునీళ్లు, చింతపండు రసం పోసి వాంతి చేయించొద్దు. 108కి ఫోన్ చేసి, డబ్బా చీటీతో సహా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఏ మందో తెలిస్తేనే విరుగుడు తేలుతుంది. కలుపు మందు తాగిన మనిషి మొదటి రోజు బాగానే మాట్లాడుతూ కనిపించొచ్చు. అది చూసి ఇంటికి తీసుకొచ్చేస్తే రెండు మూడు రోజుల్లో మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతినే ప్రమాదముంది. కేసు అవుతుందని భయపడి ఆలస్యం చేసేవాళ్లకు ఒక మాట: ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించకూడదనీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్తోంది.

ఫోన్ చేయగలిగేది

ఒక మనిషి కథ ఒకే మనిషి చెప్తున్నప్పుడు, మంచి కౌన్సెలర్ ఎదుటిపక్షం గురించి తీర్పు ఇవ్వరు. "మీ ఆయన మంచోడు కాదమ్మా" అనరు. "సర్దుకుపోవాలమ్మా, ఆడజన్మ అంతే" అని కూడా అనరు. విడిపోవాలో ఉండాలో వాళ్లు తేల్చరు. ఈ మూడింటిలో ఏది వినిపించినా ఆ కాల్ మర్యాదగా ముగించి మళ్లీ చేయండి, వేరే మనిషి ఎత్తొచ్చు. ఫోన్ ద్వారా వాళ్లు నిజంగా బాగా చేయగలిగేది మూడు రకాల పని: ఆ పూట మనసును నెమ్మది పరచడం, ఇది గొడవా జబ్బా అని విడదీయడం, ఒక మాటను ఎట్లా మొదలుపెట్టాలో మీతో అనిపించి చూడటం. మూడోదాన్ని అడిగి చేయించుకునేవాళ్లు తక్కువ. నా లెక్కలో ఈ సేవలో విలువైంది అదే.

ఉదాహరణకు ఒక గొడవను దగ్గరగా చూద్దాం. భర్త తన అన్న కూతురి పెళ్లికి ఇరవై వేలు ఇచ్చాడు, భార్యకు చెప్పలేదు. వారం తర్వాత పక్కింటామె నోటి నుంచి ఆమెకు తెలిసింది. సాయంత్రం అతను చేనుకాడ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుండగానే మొదలైంది: "నీకెప్పుడూ మీ అన్నోళ్లే కావాల. నన్ను మనిషి కింద లెక్కేస్తే కదా!" అతను మాట్లాడకుండా టీవీ సౌండు పెంచాడు. ఆమె గొంతు పెంచింది. అతను చెప్పులేసుకుని రచ్చకట్ట కాడికి పోయాడు. ఆమె అన్నం వండలేదు. మూడు రోజులు మాటల్లేవు.

పైకి ఇది డబ్బు గొడవ. కింద ఆమెను కొరికేది "ఈ ఇంట్లో నేను లెక్కలేనిదాన్ని" అన్న బాధ. అతను నోరు మూసుకోవడానికి కారణం "ఏం చెప్పినా తప్పే అవుతుంది" అన్న బెదురు. ఆమె ఎంత తరిమితే అతను అంత ముడుచుకుంటాడు, అతను ఎంత ముడుచుకుంటే ఆమె అంత తరుముతుంది. ఇద్దరూ ఎదుటివాళ్లే మొదలుపెట్టారనుకుంటారు. భార్యాభర్తల గొడవల మీద దశాబ్దాలు పరిశోధన చేసిన వాషింగ్టన్ విశ్వవిద్యాలయం మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ ఇలా ముడుచుకుపోవడాన్ని, దానితోపాటు మనిషినే తప్పుపట్టడం, తిప్పికొట్టడం, చులకన చేయడం అనే మూడింటిని బంధం విరిగిపోయే గుర్తులుగా చెప్పాడు. నాలుగింటిలో చులకన అన్నిటికంటే విషం. "మీ పుట్టింట్లో నేర్పింది ఇదేనా" అన్న ఒక్క ఎగతాళికి తిరగబడ్డ మనసు, ఇరవై వేల సంగతి తేలినా తిరిగి దగ్గరవదు.

కౌన్సెలర్‌తో ఇక్కడ చేయాల్సిన పని ఆ మొదటి వాక్యాన్ని మార్చడం. జరిగిన ఒక్క సంగతి, దానివల్ల కలిగిన బాధ, అడిగే ఒక చిన్న కోరిక, ఈ వరసలో. "మీ అన్నకు డబ్బులిచ్చిన సంగతి పక్కింటామె చెప్తే తెలిసింది. నాకు చానా చిన్నతనమైంది. ఈసారి ఇచ్చేముందు నాతో ఒక మాట అను." అంతే, మూడు వాక్యాలు. ఫోన్లో కౌన్సెలర్‌ను భర్త అనుకుని రెండు మూడుసార్లు పైకి చెప్పి చూడాలి. మొదటిసారి గొంతు వణుకుతుంది, రెండోసారికి "ఎప్పుడూ" అన్న మాట జొరబడుతుంది. దాన్ని తీసేయాలి. "నువ్వు స్వార్థపరుడివని నాకు బాధగా ఉంది" అన్నది బాధ చెప్పడం కాదు, తిట్టే. కోరిక చోట బెదిరింపు పెట్టినా, పదేళ్ల కిందటి సీమంతం సంగతి కలిపినా మళ్లీ మొదటికే వస్తుంది.

సమయం కూడా చూసుకోవాలి. పని నుంచి వచ్చి అన్నం తినకముందు వద్దు. అత్తమామల ఎదుట, పిల్లల ఎదుట వద్దు. తాగి ఉన్నప్పుడు అసలే వద్దు.

అవతలి మనిషి వంతు కూడా ఉంది, ఈసారి కాల్ భర్త చేస్తే నేర్చుకోవాల్సింది ఇది. మొత్తం ఒప్పుకోనక్కర్లేదు, అందులో నిజమైన ముక్కకు తలూపాలి: "నీకు చెప్పకుండా ఇచ్చింది నిజమే." ఈ ఒక్క మాటతో ఎదుటి గొంతు తగ్గుతుంది. తల వేడెక్కి మాట రాకపోతే ఆపడం మంచిదే. గుండె నిమిషానికి నూరుసార్లు దాటి కొట్టుకుంటున్నప్పుడు మనిషికి ఎదుటి మాట సరిగా ఎక్కదనీ, శరీరం చల్లబడటానికి కనీసం ఇరవై నిమిషాలు కావాలనీ గాట్‌మన్ చెప్తాడు. ఆపే పద్ధతిలోనే అంతా ఉంది. "నాకు తల వేడెక్కింది, ఎనిమిదిన్నరకు కూర్చుని మాట్లాడుకుందాం" అనాలి, గడియారం చూసి సమయం చెప్పాలి. ఆపమన్న మనిషే ఆ సమయానికి తిరిగొచ్చి మాట మొదలుపెట్టాలి. ఏమీ చెప్పకుండా చెప్పులేసుకుని పోయి రాత్రి పదకొండుకు వచ్చేది విరామం కిందికి రాదు, అది మళ్లీ వదిలేసి పోవడమే. ఆ ఇరవై నిమిషాలూ "అట్లా అంటే ఇట్లా అనాల" అని మనసులో వాదన కడుతూ కూర్చున్నా ఫలితం లేదు. పశువులకు నీళ్లు పెట్టడం, వీధి చివరిదాకా నడవడం లాంటి చేతిపని ఏదన్నా పెట్టుకోవాలి.

కువైట్ ఫోన్లు, సుగ్గి వలసలు

రాయచోటి, రాజంపేట వైపు ఎన్నో కాపురాలు ఏళ్ల తరబడి వీడియో కాల్‌లోనే నడుస్తాయి. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ తొమ్మిదికి డ్యూటీ దిగి ఫోన్ చేస్తే ఇక్కడ పదకొండున్నర. ఒకరు పని అలసటలో, ఒకరు నిద్రమత్తులో, అప్పుడే బాకీల లెక్క, అప్పుడే పిల్లాడి జ్వరం, అప్పుడే "నిన్న ఎందుకు ఫోన్ ఎత్తలేదు". 14416 మన దేశపు నంబరు, కువైట్ సిమ్ నుంచి దానికి చేయలేరు. కాబట్టి ఇక్కడున్న మనిషే చేయాలి, చేసి అడగాల్సింది కూడా వేరు. డబ్బు మాటకు వారంలో ఒక రోజు, ఒక గంట కేటాయించుకోవడం, మిగతా రోజుల్లో పది నిమిషాలు డబ్బు, బంధువుల ఊసు లేకుండా మాట్లాడుకోవడం, ఫోన్ ఎత్తలేని వేళలు ముందే చెప్పుకోవడం. అనుమానం ఎక్కువగా పుట్టేది ఈ ఎత్తని ఫోన్ల దగ్గరే.

ఆదోని, కోసిగి నుంచి గుంటూరు మిర్చికోతలకు సుగ్గికి, అంటే కోతల కాలపు కూలి వలసకు, పోయే ఇళ్లలో దంపతులు కలిసే పోతారు, పిల్లలు జేజి దగ్గర మిగులుతారు. తిరిగొచ్చిన తల్లి దగ్గరికి పిల్ల రాకపోతే అది మొండితనం అనుకుని కొట్టొద్దు. దగ్గరికి రావడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. పోయిన చోటు నుంచి రోజూ ఒకే వేళకు ఫోన్ చేసే అమ్మకు ఈ దూరం తగ్గుతుంది.

గొడవా, జబ్బా

కాపురం చెడిందని వచ్చే కాల్స్ కొన్నింటిలో కాపురం కంటే ముందు చెడింది ఆరోగ్యం. రెండు వారాలకు మించి రోజులో ఎక్కువసేపు దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి తారుమారు కావడం, చిన్నదానికే విసుక్కోవడం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల కొలత ఒకటుంది. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 27. పది గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టర్ చూడాల్సిన స్థాయి అని లెక్క. ఫోన్ చేసినప్పుడు "నాది డిప్రెషనేమో చూడండి" అని నోరు తెరిచి అడగొచ్చు.

తొలి కాన్పుకు పుట్టింటికి పోయి అయిదో నెలలో బిడ్డతో తిరిగొచ్చిన కోడలు "మారిపోయింది, మాట్లాడదు, బిడ్డను కూడా పట్టించుకోదు" అనిపిస్తే ముందు ఈ కోణంలో చూడాలి. కాన్పయిన రెండు మూడు రోజులకు వచ్చే ఏడుపు, చిరాకు రెండు వారాల్లో సర్దుకుంటుంది. అంతకు మించి సాగితే వైద్యం కావాలి. నిద్ర బొత్తిగా లేకుండా లేనివి వినిపిస్తున్నాయంటే, బిడ్డ గురించి వింత మాటలు మాట్లాడుతుంటే అది అత్యవసరం. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి, తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలొద్దు.

తాగుడున్న ఇంట్లో 14416తోపాటు 14446 కూడా రాసి పెట్టుకోవాలి, అది వ్యసనాలు మాన్పించడానికి ఉన్న జాతీయ నంబరు. ఇక్కడ కుటుంబాలు ప్రేమతోనే చేసే రెండు పనులు ప్రాణం మీదికి తెస్తాయి. మొదటిది ఒట్టు. కార్తీకంలో మాల వేయించి, లేదా గుడిలో ప్రమాణం చేయించి, ఏళ్లుగా రోజూ పొద్దున్నుంచే తాగే మనిషిని ఒక్కసారిగా ఆపిస్తారు. చివరి గ్లాసు దిగిన ఆరు నుంచి ఇరవై నాలుగు గంటల్లో చేతుల వణుకు, చెమట, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి జ్వరం, అయోమయం, లేనివి కనిపించడం వస్తుంది, వైద్యం అందకపోతే అది ప్రాణాంతకం. దీక్ష పట్టొద్దని అనడం లేదు. దీక్షకు ముందే డాక్టర్ దగ్గరికి తీసుకుపోయి, ఆ వారం మందుల సాయంతో దాటించి, తర్వాత మాల వేయించండి. ఊరి ఆర్ఎంపీ దగ్గర ఉత్త గ్లూకోజు ఎక్కించి సరిపెట్టొద్దు. తాగుడు మనిషికి బి1 విటమిన్, అంటే థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఒక్కటే ఎక్కిస్తే మెదడుకు ముప్పు రావచ్చు.

రెండోది, తెలియకుండా అన్నంలో కలిపి పెట్టే మాత్ర. ఆ మాత్ర పేరు డైసల్ఫిరామ్, తాగుడు మాన్పించడానికి ఇచ్చేది. అది లోపలుండగా సారా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి గుండెకు ప్రమాదం. తెలిసి, ఒప్పుకుని, డాక్టర్ చూపులో వేసుకోవాల్సిన మందు అది. ఏనాటికైనా ఆ సంగతి బయటపడితే ఆ చేతి అన్నం మీద నమ్మకం పోతుంది, ఆ నమ్మకాన్ని ఏ కౌన్సెలింగూ సులువుగా తిరిగి తేలేదు.

ఈ ఫోన్ సరిపోని చోటు

కొట్టడం ఉన్న ఇంటికి "ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి" అన్న సలహా పనికిరాదు, హాని కూడా. కౌన్సెలింగ్ గదిలో ఆమె నోరు తెరిచి చెప్పినదానికి ఇంటికొచ్చాక దెబ్బలు పడతాయి. అందుకే హింస ఉన్నప్పుడు దంపతులను కలిపి కూర్చోబెట్టే కౌన్సెలింగ్‌ను బాధ్యత తెలిసినవాళ్లు మొదలుపెట్టరు. ముందు భద్రత. 181 మహిళా హెల్ప్‌లైన్, ప్రాణం మీదికొస్తే 112. జిల్లా కేంద్రంలోని సఖి వన్ స్టాప్ సెంటర్‌లో తాత్కాలిక వసతి, వైద్యం, న్యాయ సలహా ఒకేచోట దొరుకుతాయి. 2005 గృహహింస చట్టం కింద కాపాడమని కోర్టును అడగొచ్చు, ఇంట్లో ఉండే హక్కు కూడా అందులో ఉంది. ఉచిత న్యాయ సాయానికి 15100. పంచాయితీ పెద్దలు రాజీ కోసం చూస్తారు, అది వాళ్ల పద్ధతి. దెబ్బల విషయంలో ఆ తొందర ఆడమనిషికి చేటు.

ఫోన్ నుంచి ఆసుపత్రికి పంపితే "పోండి" అన్న మాటతో ఆగొద్దు. ఏ ఆసుపత్రి, ఏ విభాగం, ఓపీ ఏ రోజుల్లో, ఎన్ని గంటలకు, ఎవర్ని వెంట తీసుకుపోవాలి, ఈ అయిదూ లైన్లోనే అడిగి రాసుకోవాలి. కర్నూలు సర్వజన వైద్యశాల, అనంతపురం ప్రభుత్వ ఆసుపత్రి, కడప రిమ్స్, మూడూ వైద్య కళాశాలల ఆసుపత్రులే, మూడింట్లోనూ మానసిక వైద్య విభాగం ఉంది. పాత మందుల చీటీలు, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రల అట్టలు, ఆధార్ కార్డు సంచిలో పెట్టుకోండి. డిప్రెషన్ మందులు పని చూపడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలో కడుపులో తిప్పడం ఉండొచ్చు, దానికి భయపడి మానేసేవాళ్లు ఎక్కువ. ఈ మందుల్లో కొన్ని పడకగదిలో ఆసక్తి తగ్గిస్తాయి. ఆ సంగతి తెలియక "నా మీద మనసు పోయింది" అని కొత్త గొడవ మొదలవుతుంది. సిగ్గుపడకుండా డాక్టర్‌కు చెప్తే మోతాదో మందో మారుస్తారు. సొంతంగా ఆపేయడం మాత్రం వద్దు.

దంపతులిద్దరూ కలిసి వెళ్లే చికిత్సకు మూడు పట్టణాల్లో ప్రైవేటు వాళ్లున్నారు. బోర్డు మీద "కౌన్సెలర్" అని ఉంటే చాలదు. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. మందులు రాసేది ఎండీ సైకియాట్రీ లాంటి డిగ్రీ ఉన్న డాక్టరే. ఫీజు, ఒక్కో కూర్చోవడానికి ఎంతసేపు, ఒకరు విడిగా చెప్పింది రెండోవాళ్లకు చెప్తారా లేదా, ఈ మూడూ మొదటి రోజే తేల్చుకోవాలి. భావోద్వేగాల మీద దృష్టి పెట్టే దంపతుల చికిత్స మామూలుగా ఎనిమిది నుంచి ఇరవై సార్లు కూర్చోవాల్సిన పని. "మూడు సిట్టింగుల్లో గ్యారంటీ" అన్న చోట డబ్బు కట్టొద్దు. నాలుగైదుసార్లు వెళ్లాక కూడా ఇంటి దగ్గర చేసి చూడమని ఏ పనీ ఇవ్వకపోతే, ఎందుకని అడగండి.

గోప్యత గురించి అందరూ అడుగుతారు. చెప్పుకున్న వివరాలు రహస్యంగా ఉంచాలని 2017 చట్టం 23వ సెక్షన్ చెప్తోంది. ప్రాణహాని ఉన్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. అవేమిటో కౌన్సెలర్‌నే మొదట అడిగేయొచ్చు.

ఒక్క కాల్‌తో ఆపేయడం ఈ సేవను వాడే తీరులో కనిపించే పెద్ద లోపం. వారం పది రోజులకు మళ్లీ చేయాలి. ఈసారి వేరే మనిషి ఎత్తొచ్చు, అందుకని మొదటిసారి మాట్లాడినవాళ్లు ఏదైనా గుర్తింపు నంబరు ఇస్తారేమో అడిగి రాసుకోవడం మంచిది. మొదటి కాల్‌లో అనుకున్న మూడు వాక్యాలు చెప్పారా, ఏ వేళ చెప్పారు, ఎదుటి మనిషి సరిగ్గా ఏమన్నారు, ఆ తర్వాత మీరేమన్నారు, ఇవి గుర్తున్నంత వరకు ఉన్నదున్నట్టు చెప్పండి. "ఏం మారలేదు మేడం" అనడం కంటే "అన్నం తిన్నాక చెప్పినా, విని ఊరుకున్యాడు, లేచి పోలేదు" అని చెప్తే కౌన్సెలర్ తర్వాతి వాక్యాన్ని అక్కణ్ణుంచే మీతో కలిసి కడతారు.